బుధవారం సూది

చేపకి బుధవారమంటే ఏమిటో తెలియదు. ఈ ఒక్క ముక్క నలుగురి చెవికెక్కించలేక ఆమె తల ప్రాణం తోకకి వచ్చింది.

ఆమె పనిచేసేది సముద్రపు చేపలచేత తొట్లలో గుడ్లు పెట్టించే కేంద్రంలో. తొట్ల షెడ్డుకీ మందుల గదికీ మధ్య ఇరుక్కున్న, కిటికీ లేని చిన్న గది ఆమెది. అందులో ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రీజరు, జన్యువుల జాడ తీసే ఒక యంత్రం, వీటన్నిటి మధ్య ఆమె కుర్చీకి మిగిలినంత చోటు. కేంద్రంలో అందరూ ఆమెని గుడ్ల మేడం అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను తనే ఫోనెత్తి, "గుడ్ల మేడం మాట్లాడుతున్నా, చెప్పండి" అనడం మొదలుపెట్టింది. ఇంట్లో ఆయన టైలరు. మిషను ముందు కూర్చుంటే మాట తక్కువ, కుట్టు ఎక్కువ. రోజంతా కేంద్రంలో నెత్తీ నోరూ కొట్టుకుని వచ్చిన మనిషికి ఆ ఇల్లు హాయిగానే ఉండేది.

ఆమె చూసేవి నాలుక చేపలు. పుట్టినప్పుడు అవి అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతాయి. కాస్త పెరిగాక ఒక కన్ను మెల్లగా నెత్తి మీదుగా జరిగి రెండో కంటి పక్కకి చేరుతుంది. అక్కణ్ణించి ఆ చేప ఒక పక్కకి ఒరిగి, ఇసుక మీద ఆరేసిన గుడ్డలా పడుకునే బతుకుతుంది. పై పక్క ఇసుక రంగు, కింది పక్క తెలుపు. మనిషి ఎంత పలచగా ఉన్నా లోపల ఏముందో తెలియదు కానీ, ఈ చేపని ఎత్తి దీపానికి అడ్డంగా పడితే కడుపులో గుడ్లసంచి నీడ తోక దాకా కనిపిస్తుంది.

సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇవి బుద్ధిగానే గుడ్లు పెడతాయి. తొట్టిలోకి తెచ్చామంటే మొండికేస్తాయి. కడుపు నిండా గుడ్లు పెంచుకుంటాయి, తీరా పండే వేళకి ఆగిపోతాయి. పండిన గుడ్డు గాజుపూసలా ఉండి నీళ్ళ మీద తేలుతుంది. పండనిది తెల్లగా మసకబారి అడుక్కి దిగిపోతుంది. ఆ ఆఖరి మెట్టు ఎక్కించడానికే హార్మోను సూది. ఆ సూది పశువుల డాక్టరు చేత్తోనే పడాలని రూలు. డాక్టరు వచ్చేది బుధవారం. కాబట్టి సూది బుధవారం. ఏళ్ళ తరబడి ఇంతే. ఏ చేప ఎప్పుడు సిద్ధమయిందన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. వచ్చినా బుధవారం దాకా ఆగేది.

ఇంకో తలనొప్పి ఏమిటంటే, ఆ డాక్టరు స్వయానా ఆమె అక్క మొగుడు. పాత డాక్టరు మానేసినప్పుడు "మా బావగారున్నారు సార్, మంచి చెయ్యి" అని మేనేజరుకి చెప్పింది ఆమే. చెయ్యి మంచిదే. ఆ విషయంలో మాట పడలేదు. కుక్కలకీ పిల్లులకీ సొంత క్లినిక్కు నడుపుతూ, వారానికొక పూట ఇక్కడికి వచ్చిపోతారు. పట్టిన పట్టు మాత్రం వదలరు. గోడ గడియారం ఆయన్ని చూసి టైము దిద్దుకుంటుందని అక్క ఎగతాళి.

ఆమె కనిపెట్టింది చాలా చిన్న సంగతి. సూది పడ్డాక చేప రక్తంలోకి ఒక కబురు బయలుదేరుతుంది, గుడ్డూ ఇక పండు అని. ఆ కబురు వినడానికి గుడ్డు చుట్టూ ఉన్న కణాల మీద ఒక చెవి ఉండాలి. పుస్తకాల్లో దాన్ని గ్రాహకం అంటారు. ఆ చెవిని తయారుచేసే జన్యువు ఒకటుంది. గుడ్డు పెరుగుతున్నంత కాలం అది నిద్రపోతూనే ఉంటుంది. గుడ్డు నిండాక లేస్తుంది. ఏ చేపలో ఎప్పుడు లేస్తుందో ఆ చేపకే ఎరుక. అది లేవకముందు సూది వేస్తే చెవులు లేని ఇంటి ముందు కేకలేసినట్టే. సన్నటి గొట్టంతో కడుపులోంచి నాలుగు గుడ్లు లాగి, వాటి పొరని నూరి యంత్రంలో పెడితే, జన్యువు మేలుకుందో లేదో తెర మీద ఒక గీత చెబుతుంది. మేలుకుంటే గీత తొందరగా లేస్తుంది. లేకపోతే నేల మీద పాకుతూ పాకుతూ ఎప్పటికో తలెత్తుతుంది.

ఈ గుడ్ల కాలంలో సూదులు పడ్డ ఆడచేపల గుడ్లన్నీ బీకరు అడుగునే పేరుకున్నాయి. వాటి గీతలు చూస్తే సూది పడిన నాటికి ఒక్కటీ లేవలేదు. ఈ సంగతి మేనేజరుకి బొమ్మలు గీసి చూపించింది. ఆయన శ్రద్ధగా విని, "అయితే మందు మోతాదు పెంచుదామా మేడం?" అన్నాడు. ఆమె మొహం చూసి, తనే మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "చూడండి, పైవాళ్ళు ఊరుకోవడం లేదు. ఈ కాలంలో పిల్లలు కళ్ళబడకపోతే తొట్లు వేరే చేపలకి ఇచ్చేస్తారు. వాటికి సూదులూ గీతలూ అక్కర్లేదట, వాటంతటవే పెడతాయట. మిమ్మల్ని నీళ్ళ పరీక్షల గదికి పంపిస్తారు. అక్కడ ఏసీ ఉంది లెండి."

మిగిలింది ఒక్కటే ఆడచేప. కేంద్రంలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా పాతది. వెడల్పు చూసి దానికి దుప్పటి అని పేరు పెట్టింది పిన్ని. పిన్ని అంటే తొట్లు కడిగి, మేత వేసి, చేపల్ని పట్టే ఆవిడ. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, అందరికీ పిన్నే.

ఆ బుధవారం దుప్పటిని మత్తునీళ్ళ టబ్బులో కాసేపు ముంచి, తడి స్పాంజి మీద పరిచారు. బావగారు సిరంజి పైకెత్తి బుడగ తీశారు.

"ఊఁ, పట్టుకో పిన్నీ."

"వద్దండీ," అంది ఆమె.

"ఏం వద్దు?"

"సూది. ఇవాళ వద్దు. గీత లేవలేదు."

"గీతకి సూది వెయ్యడానికి రాలేదమ్మా నేను. చేపకి వెయ్యడానికి వచ్చాను."

"చేపకే వద్దంటున్నా. దానికింకా చెవి రాలేదు."

బావగారు పిన్ని వైపు తిరిగారు. "చేపకి చెవేంటి పిన్నీ?"

"నన్నడక్కండి బాబూ. నేను పట్టుకోడానికే," అంది పిన్ని, దుప్పటి తోక సవరిస్తూ.

గొడవ విని మేనేజరు వచ్చాడు. విషయం విన్నాడు. "మరి వచ్చే బుధవారం వేద్దామా?" అన్నాడు.

"వచ్చే బుధవారానికి నీళ్ళు వేడెక్కిపోతాయి సార్. అప్పుడు గుడ్లు తనలోనే కరిగించేసుకుంటుంది."

"మరైతే ఇవాళే వేసేయండి."

"ఇవాళ వేస్తే మునిగిపోతాయి సార్!"

"ఇవాళా వద్దు, వచ్చే బుధవారమూ వద్దు. మధ్యలో ఇంకో బుధవారం లేదు కదా మేడం," అన్నాడు మేనేజరు ఎంతో ఓపిగ్గా. ఆ ఓపిక చూస్తే ఆమెకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"శుక్రవారం," అంది ఆమె. ఈ వారం గీత కొద్దికొద్దిగా ముందుకి జరుగుతోంది. ఆ లెక్కన శుక్రవారానికి లేవాలి.

"శుక్రవారం నా క్లినిక్కు ఎవరు చూస్తారు? నీ దుప్పటా?" అని బావగారు సిరంజికి మూత పెట్టి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయారు. దుప్పటిని తొట్టిలోకి దించారు. అది అడుక్కి దిగి, ఒంటి మీద ఇంత ఇసుక ఎగజల్లుకుని, రెండు కళ్ళు మాత్రం బయట పెట్టుకుని పడుకుంది. దానికేం.

మర్నాడు సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్ళింది. బావగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమే, నిన్న మీ ఇద్దరూ చేప ముందు పోట్లాడుకున్నారటగా?" అంది అక్క.

"పోట్లాట కాదక్కా. చెబితే వినరు. ఆయనకి డాక్టరు చదువు ఉంది, హార్మోనంటే ఏంటో నాకన్నా బాగా తెలుసు. అయినా వినరు."

"ఇన్నేళ్ళ కాపరంలో నా మాటే వినలేదు. నువ్వు చెప్పే ఆ చెవి జన్యువేదో మీ బావకి అసలు ఉందో లేదో ముందు చూడవే."

పేపరు వెనకనుంచి గొంతు వచ్చింది. "వినిపిస్తోంది."

"అదీ సంగతి. తనని అంటే మాత్రం వినిపిస్తుంది," అంది అక్క.

ఆమె పేపరుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "బావగారూ, ఒక్కసారి. ఒక్క శుక్రవారం. మీ సూదిలో తప్పు లేదు, మందులో తప్పు లేదు. వేళలోనే తప్పు. ఇది పోతే నా గది పోతుంది. నేను వెళ్ళి నీళ్ళలో ఉప్పెంతుందో చూసుకుంటూ కూర్చోవాలి."

పేపరు కిందికి దిగింది. "నా క్లినిక్కు ఒక్క రోజు మూసి ఎరగను. నాకు జ్వరమొచ్చినప్పుడూ మూయలేదు."

"అది నిజం," అంది అక్క. "కుక్కలే ఈయన్ని చూసి జాలిపడ్డాయి."

"నువ్వుండు. సరే, వస్తాను. కానీ మాట మార్చకూడదు. నేను క్లినిక్కు బోర్డు తిప్పి వచ్చాక, ఇవాళ కాదు రేపు అంటే మాత్రం ఊరుకోను."

"మార్చను," అంది ఆమె.

శుక్రవారం పొద్దున్నే గుడ్లు తీసి యంత్రంలో పెట్టింది. బావగారు టైముకి వచ్చారు. తొట్ల షెడ్డులో బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని, ఒడిలో సంచీ పెట్టుకుని, బస్సు కోసం చూసే మనిషిలా తొట్టి కేసి చూస్తూ ఉన్నారు. మధ్యలో పిన్ని టీ ఇచ్చింది. తాగారు. మేనేజరు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు.

గదిలో ఆమె తెర ముందు నిలబడింది. గీత పాకుతోంది. లేస్తుందేమోనని చూసింది. పాకుతూనే ఉంది. చాలాసేపటికి, బుధవారం నాటి గీత లేచినచోటే, కాస్త అటూ ఇటూగా, బద్ధకంగా తలెత్తింది.

ఆమెకి ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బయట ఒక పెద్దమనిషి తన కోసం బోర్డు తిప్పి వచ్చి కూర్చున్నాడు. వేయించేస్తే సరిపోతుంది. ఆయన సంతోషంగా వెళ్ళిపోతాడు, అక్క ముందు మాట దక్కుతుంది, గుడ్లు మునిగితే మునుగుతాయి, అన్నీ మునగలేదూ? గీత ఎవరు చూడొచ్చారు? తెర ఆపేయడానికి చెయ్యి మీట దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. చూసింది తను కదా.

షెడ్డులోకి వచ్చింది. "బావగారూ."

ఆయన లేచారు, సిరంజి తీస్తూ. "ఊఁ, కానిద్దాం."

"ఇవాళ కాదు."

పిన్ని వల కింద పెట్టేసి అవతలి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

బావగారు అరవలేదు. అరిచినా బాగుండేది. సిరంజిని మళ్ళీ సంచీలో పెట్టి, జిప్పు మెల్లగా లాగారు. "నేను బుధవారం అంటే నవ్వావు. చేపకి వారాలు తెలియవన్నావు. మరి నువ్వు చేసిందేంటి? నువ్వూ ఒక వారం పెట్టుకున్నావు. నాది బుధవారం, నీది శుక్రవారం. అంతేగా తేడా?"

ఆమె పిన్ని వదిలేసిన వల తీసి గోడకి తగిలించింది.

ఆయన వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం మేనేజరు ఆమె గది గుమ్మంలో నిలబడి, "నీళ్ళ పరీక్షల గదిలో కిటికీ కూడా ఉందట మేడం," అన్నాడు. ఓదార్పే. ఆ మనిషికి వేరే రకంగా ఓదార్చడం రాదు.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెబితే, ఆమె భర్త మిషను ఆపకుండానే విన్నాడు. ఆఖరికి, "కొలత సరిపోకపోతే కత్తెర పెట్టకూడదుగా," అన్నాడు. అంతే. మళ్ళీ కుట్టు.

శనివారం పొద్దున్న తీసిన గుడ్లని యంత్రంలో పెట్టి, ఆమె కావాలనే తెర వైపు వీపు పెట్టి ఫ్రీజరులో మంచు గోకుతూ కూర్చుంది. తిరిగి చూసేసరికి గీత లేచి ఉంది. కొంచెం లేవడం కాదు. మిగతా రోజుల గీతలన్నీ కింద పాకుతుంటే, ఇది ఎంతో ముందే నిటారుగా లేచి, తెర పైఅంచుకి తగులుతోంది.

బావగారికి ఫోను చేసింది. క్లినిక్కు బల్ల దగ్గరున్న అక్క ఎత్తింది.

"ఆయన లోపల కుక్కకి కుట్లు వేస్తున్నారే. అయినా నువ్వు మాట్లాడకపోవడమే మంచిది. నిన్నటినుంచి ఇంట్లో చేప అన్న మాట ఎత్తనివ్వడం లేదు."

"అక్కా, ఇవాళ వేళయింది. రేపటికి దాటిపోతుంది. నేను పిలిచానని చెప్పకు. నేను ఏ వారమూ చెప్పలేదు, ఈసారి చేపే చెప్పిందని చెప్పు."

అక్క ఫోను పక్కకి పెట్టి తలుపులోంచి కేకేసింది. "ఏమండీ! చేప రమ్మంటోందట!"

దూరం నుంచి బావగారి గొంతు స్పష్టంగా వినబడింది. "దానికి ఫోను కూడా ఉందా?"

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి తెలియదు. అక్క ఏమందో, ఆయనేమన్నారో. కుట్లు పూర్తయ్యాక ఆయన వచ్చారు. చొక్కా మీద కుక్క వెంట్రుకలు, ఒంటినిండా మందు వాసన, మొహం గంటు పెట్టుకుని. ఆమె ఎదురుగానే ఉన్నా ఆమెతో మాట్లాడలేదు.

"పిన్నీ, ఈసారైనా ఖాయమేనా అని మేడంగారిని అడుగు."

"ఖాయమేనా మేడం?" అంది పిన్ని, ఇద్దరి మధ్యా నిలబడి.

"వచ్చి చూసుకోమను పిన్నీ."

"వచ్చి చూసుకోమంటున్నారండీ."

"వినబడింది," అని ఆయన గదిలోకి వచ్చారు. ముగ్గురూ పట్టని గది. తెర ముందు వంగి చూశారు. చాలాసేపు చూశారు. ఎంతైనా డాక్టరు, గీత చదవడం ఒకరు నేర్పక్కర్లేదు.

"నిన్నటిదేది?"

ఆమె అడుగున పాకుతున్న గీత మీద వేలు పెట్టింది.

ఆయన ఆ గీతనీ ఈ గీతనీ మార్చి మార్చి చూశారు. "నిన్న వేసేసి ఉంటే..." అన్నారు, ఆగిపోయారు. బయటికెళ్ళి చేతులు కడుక్కున్నారు.

దుప్పటిని స్పాంజి మీద పరిచి, తడిగుడ్డ కప్పారు. సూది ఎంత నెమ్మదిగా దింపారంటే చేప తోక కూడా కదల్లేదు. వెళ్ళేటప్పుడు, "మీ అక్కకి చెప్పకు," అన్నారు. ఏం చెప్పకూడదో అనలేదు.

సోమవారం పొద్దున్న పిన్ని దుప్పటి కడుపు మీద బొటనవేలు ఆనించి, తోక వైపు నుంచి మెల్లగా జారుస్తూ వచ్చింది. గుడ్లు ధార కట్టాయి. ఒక గరిటెడు బీకరులోని సముద్రపు నీళ్ళలో వేశారు. ముందు కొన్ని తెల్లగా మెరిసి, సుడి తిరుగుతూ కిందికి దిగాయి. ఆమె కళ్ళు మూసుకుంది. "అయ్యో, చూడండి మేడం," అంది పిన్ని. చూసేసరికి నీళ్ళ పైన గాజుపొర పేరుకుంటోంది. బీకరు కదిపితే పొర మొత్తం ఒక్కటిగా ఊగింది. అన్నీ తేలలేదు. కానీ తేలినవాటి ముందు మునిగినవి లెక్కలోకి రావు. మిగతా గుడ్లలో మగచేపల పాలలాంటి వీర్యం కలిపి తొట్టిలో పోశారు. ఆ రోజూ, మర్నాడూ ఆమె సరిగ్గా తిండి తినలేదు.

బుధవారం బావగారు ఎప్పటిలాగే టైముకి వచ్చారు. పిన్ని ఆయన్ని చొక్కా పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి తొట్టి దగ్గర నిలబెట్టింది. తెల్ల గిన్నెలో నీళ్ళు ముంచి చూపించింది. కనుబొమ్మ వెంట్రుకంత పిల్లలు, నిటారుగా, పక్కకొక కన్నుతో, ఇంకా ప్రపంచం తెలియక ఈదుతున్నాయి.

"ఇవా?" అన్నారు బావగారు. పిన్ని చేతిలోంచి తీసుకున్న గిన్నె మాత్రం కింద పెట్టలేదు.

మేనేజరు పరుగున వచ్చాడు. పైవాళ్ళతో అప్పుడే మాట్లాడాడట. "తొట్లు మీకే మేడం! వచ్చే కాలం కూడా మీకే. నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను, రోజే మార్చాలి, రోజే మార్చాలని." అని, షెడ్డు గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళి, దాని మీద ఏళ్ళ తరబడి ఉన్న 'సూది: బుధవారం' అన్న మాట తుడిచేశాడు. ఆ ఖాళీలో నీలం పెన్నుతో అందంగా, 'సూది: శనివారం' అని రాశాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు.

ఇన్నాళ్ళూ తను చెప్పిందంతా ఏమయిందో, ఏ చెవిలో పడి ఏ చెవిలోంచి పోయిందో, ఎక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టాలో తెలియక ఆమె అలాగే నిలబడిపోయింది.

బావగారు గిన్నె పిన్ని చేతికిచ్చి, బోర్డు దగ్గరికి వెళ్ళి, చొక్కా చేతి అంచుతో 'శనివారం' మొత్తం రుద్ది పారేశారు.

"అదేంటండీ డాక్టరుగారూ! ఖాళీగా ఉంచితే ఎవరైనా అడగరూ? ఏ వారమని రాయమంటారు?"

"దుప్పటిని అడిగి రాయండి," అన్నారు బావగారు.

మేనేజరు ఆమె వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు, పిన్ని వైపు కూడా చూశాడు. ఎవరూ సాయం రాలేదు.

బావగారు తన చొక్కా అంచు చూసుకున్నారు. నీలం సిరా మోచేతి దాకా పాకింది. "మీ అక్క చంపేస్తుంది. నువ్వే చేశావని చెబుతా."

"చెప్పండి," అంది ఆమె. "నేను పిలిస్తే వచ్చారని కూడా చెప్పండి."

"అదెందుకు చెబుతాను? నన్ను పిలిచింది చేప," అని ఆయన సంచీ తీసుకుని బయటికి నడిచారు.

ఆమెకి నవ్వొచ్చింది. ఆయన్ని గేటు దాకా సాగనంపి, ఎండలో కాసేపు నిలబడి, ఇన్నాళ్ళకి ఒకరి చెవికైనా ఎక్కిందనుకుంటూ షెడ్డులోకి తిరిగి వచ్చింది. బోర్డు ముందు మేనేజరు ఇంకా నిలబడే ఉన్నాడు. పెన్నుకి మూత పెడుతున్నాడు. బోర్డు మీద సిరా ఇంకా తడిగా ఉంది.

'సూది: శనివారం. లేదా బుధవారం.'

"ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా మేడం?" అన్నాడు.

ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుని బోర్డు వైపు నడిచింది.